నీడ ఎటుంటే అటు

ఐదు కొట్టకముందే పుష్కర ఘాట్ మెట్ల మీద సందడి మొదలైపోయింది. చెప్పులు పై మెట్టు దగ్గరే వదిలి దిగండి, రాయి ఇంకా చల్లగానే ఉంది. ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు వెలిగించి నీళ్లలోకి తోస్తున్నారు. ఒక పంతులుగారు ఎవరిచేతో సంకల్పం చెప్పిస్తూ, మధ్యలో ఆగి, ఆ కుర్రాడి గోత్రం రెండోసారి అడుగుతున్నారు. తడిబట్టల వాసన, కర్పూరం వాసన, ఎక్కడి నుంచో ఫిల్టరు కాఫీ వాసన.

మా చెల్లెలి పిల్లలిద్దరూ హైదరాబాదు నుంచి సెలవులకొచ్చారు. మేనకోడలు పదో తరగతిలోకి వెళ్తోంది, మేనల్లుడింకా మూడోలోనే. నాలుగున్నరకి లేపినందుకు వాడికి నా మీద కోపం. "ఇంత పొద్దున్నే ఎందుకు మావయ్యా?" అని దారి పొడుగునా సణిగాడు. ఇప్పుడు ఎదురుగా చూడమన్నాను. అవతలి ఒడ్డున కొవ్వూరు మీద ఎండ పడి మెరుస్తోంది. మనం కూర్చున్న మెట్ల మీద మాత్రం నీడే. రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది కాబట్టి సూర్యుడు ఊరి వెనకనుంచి లేస్తాడు. మేడలూ చెట్లూ గుళ్ల గోపురాలూ అడ్డుపడి, పొద్దెక్కేదాకా రేవుకి నీడ పడతాయి. సాయంత్రం సంగతి వేరు. పడమటెండ నీళ్ల మీద తుళ్లి నేరుగా కళ్లల్లో కొడుతుంది. తెలియక నాలుగింటికి గట్టు మీదకొచ్చి, గొడుగేసుకుని చెమటలు తుడుచుకునే యాత్రికుల్ని చూస్తే జాలేస్తుంది నాకు. ఈ ఊళ్లో వేసవి షికారంటే నీడ ఎటుంటే అటు జరగడం, అంతే.

పిల్ల నీళ్లకేసి చూస్తోంది. "ఎండాకాలంలో నదులెండిపోతాయి కదా, ఇన్ని నీళ్లెక్కడివి?"

మంచి ప్రశ్నే. మే నెలలో గోదావరిలోకి పైనుంచి వచ్చేది తక్కువ. సీలేరులో కరెంటు తీశాక వదిలిన నీళ్లు శబరిలో కలిసి, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, అలా దిగి వస్తాయి. ఎండాకాలానికి అదే ఆధారం. అయినా ఇక్కడ రేవు నిండుగా ఉందంటే, దిగువన ధవళేశ్వరంలో గేట్లు దించి నీళ్లు నిలబెట్టడం వల్ల. "అంటే ఇది నది కాదు, చెరువు" అంది. వేసవిలో నిజమే, ఒప్పుకున్నాను.

మోకాలిలోతు దాకానే దిగాలని మేనల్లుణ్ని కేకేస్తున్నాను. ఇసుక తవ్విన చోట్ల అడుగున గుంటలుంటాయి, పైకి తెలియవు. ఏటా సెలవుల్లో పిల్లలు మునిగిపోయిన వార్త ఒకటైనా చదవాల్సివస్తోంది. మీ పిల్లలకి ఈత వచ్చినా సరే, ఒడ్డున నిలబడి వాళ్ల మీంచి చూపు తిప్పకండి.

ఎడతెగని చప్పుడుతో ఆర్చి వంతెన మీద రైలొకటి వెళ్తోంది. మేనల్లుడు పెట్టెలు లెక్కపెట్టే పనిలో పడి కోపం మర్చిపోయాడు. దాని పక్కనే రైళ్లు లేని పాత వంతెన, హేవలాక్. 1900లో తెరిచారు, 56 ఖానాలు, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. 1997లో ఆర్చి వంతెన వాడకంలోకి వచ్చాక దీనికి విశ్రాంతి. మధ్యలో 1974లో కట్టిన రోడ్డు-రైలు వంతెన ఉండనే ఉంది. హేవలాక్‌ని నడకదారిగా మారుస్తామని ఎన్నో ఏళ్లుగా వింటున్నాం. మారిస్తే ఆసియాలో ఇంతకన్నా మంచి సాయంత్రం నడక ఉండదని నా గట్టి నమ్మకం. ఆసియా అంతా నేను చూళ్లేదు లెండి.

ఆరున్నర. ఆకలి. కోటగుమ్మం దగ్గర ఓ చిన్న హోటల్లో బల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. పెనం మీద పెసరట్టు చుయ్యిమంటోంది. "లోపల ఉప్మా పెట్టమంటారాండీ?" అని అడిగాడాయన. ఉప్మా లేకుండా పెసరట్టు తినేవాళ్లు కూడా ఉంటారన్నమాట! అల్లం పచ్చడి ఘాటుకి అల్లుడుగారి ముక్కూ కళ్లూ కారుతున్నాయి, అయినా వదల్లేదు.

ఇవాళ మే 15. అందుకే ఆటో ధవళేశ్వరం వైపు. "కాటన్ దొరగారి పుట్టినరోజు కదండీ, దండలేస్తారు, ఆయ్," అంటున్నాడు డ్రైవరు. గట్టు వెంబడి గాలి ఇంకా వేడెక్కలేదు. ఇక్కడ గోదావరికి ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1803లో ఈ తేదీన పుట్టాడు. విగ్రహం దగ్గర ఇరిగేషన్ ఇంజనీర్లు, తెల్లపంచెల రైతులు, పార్టీ కండువాలు అందరూ ఉన్నారు. దండలు మెడదాకా నిండిపోయాయి. మన దేశాన్నేలిన తెల్లవాడికి మన పంతుళ్లు శ్లోకం కట్టి స్నానవేళ తలుచుకోవడం ఈ జిల్లాల్లో తప్ప ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. మేనకోడలికిది వింతగా ఉంది. "బ్రిటిష్ వాళ్లు దోచుకున్నారని కదా మా పుస్తకంలో ఉంది?" అంది. రెండూ నిజమే. శిస్తు పెరుగుతుందనే లెక్కతోనే కుంపినీ వాళ్లు ఈ ఆనకట్టకి డబ్బిచ్చారు. ఆ నీళ్లతోనే కరువుకాటకాల గోదావరి జిల్లాలు అన్నపు జిల్లాలయ్యాయి. మా ముత్తాతల కడుపు నిండింది కాబట్టి మేం దండేస్తాం.

1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట ఇప్పుడు లేదు. దాని స్థానంలో 1982 నాటికి బ్యారేజీ వచ్చింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు, మొత్తం 175 గేట్లు. ఇక్కడే గోదావరి గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. బ్యారేజీ మీద నిలబడితే ఎగువ వైపు నిండు జలాశయం, దిగువ వైపు ఇసుక మేటలు, వాటి మధ్య సన్నటి పాయలు, కొంగలు. పొద్దున పిల్ల అడిగినదానికి జవాబు ఇక్కడ కంటికి కనబడుతోంది. వాడు మాత్రం గేట్లన్నీ ఒకేసారి ఎత్తితే ఏమవుతుందని అడిగాడు. ఆగస్టులో వరదకి రమ్మన్నాను.

కాటన్ మ్యూజియం దగ్గర్లోనే ఉంది. ఆనకట్ట పనుల్లో వాడిన పాత యంత్రాలూ, పటాలూ, నమూనాలూ ఉంటాయి. ఓపికగా చూసేవాళ్లకి గంట పడుతుంది. మేం ఆ ఓపిక ఇంకోరోజుకి దాచుకున్నాం, ఎందుకంటే ఎండ ఎక్కేలోగా కడియం చేరాలి.

దారిలో కాలువ. కాలువే గాని ఇప్పుడు నీళ్లు లేవు. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక కాలువలు కట్టేశారు. పూడిక తీతలూ తూముల మరమ్మతులూ ఈ నెలన్నరలోనే జరగాలి. అడుగున బురద ఎండి నెర్రెలిచ్చిన చోట ఊరి కుర్రాళ్లు క్రికెట్టాడుతున్నారు. సిక్సరు కొడితే బంతి గట్టు దాటి నర్సరీలో పడుతోంది.

ఆ నర్సరీల్లోకి వచ్చేశాం. కడియపులంక. రోడ్డుకి రెండు వైపులా పచ్చటి వలలు, వాటి కింద కుండీల బారులు. లోపలికి ఒక్క అడుగు వెయ్యండి, తేడా ఒంటికి తెలుస్తుంది. పొద్దుటి తడి ఇంకా ఆరలేదు. నడుం వంచి పనిచేసే ఆడవాళ్లు మట్టిముద్దలు కట్టి చిన్న సంచుల్లో మొక్కలు సర్దుతున్నారు, చేతులు కళ్లకంటే ముందు నడుస్తున్నాయి. ఒకామె పిల్లని పలకరించింది. "ఏ ఊరమ్మా? హైదరాబాదా? మీ ఊళ్లో రోడ్డు మధ్యన చెట్లన్నీ మావేనమ్మా!" పెద్ద ట్రెయిలరు మీదికి నిలువెత్తు తాళజాతి చెట్లు క్రేనుతో ఎక్కిస్తున్నారు. వీటిలో చాలా మటుకు ఊళ్లు దాటి, రాష్ట్రాలు దాటి పోయేవే. మా అమ్మకి దొంతర మల్లె, పిల్లకి ఒక చిన్న కాక్టస్. కాక్టస్‌కి నీళ్లు అక్కర్లేదు కాబట్టి దాన్ని ఎంచుకున్నానంది. ఈ తరం తెలివి.

పది దాటింది. ఇక బయట ఉండేది పరాయివాళ్లే.

నడివేసవి మధ్యాహ్నం రాజమండ్రిలో ఏం చూడాలని ఎవరైనా అడిగితే, మా ఇంటి వసారా అంటాను. వట్టివేళ్ల తడకల మీద చెంబుతో నీళ్లు చల్లారు, ఫ్యాను గాలికి ఆ వాసన ఇల్లంతా తిరుగుతోంది. మా అమ్మ మూల కుండలోంచి తరవాణి తేట గిన్నెల్లోకి వంచుతోంది. అన్నం, గంజి, నీళ్లు రోజుల తరబడి ఊరి పులిసిన ఆ పులుపు మీద ఉప్పు వేసి, నిమ్మాకు నలిపితే ఏ సీసా పానీయమూ దానికి సాటిరాదు. అల్లుడు వాసన చూసి మొహం తిప్పేశాడు. "తాగరా, వడదెబ్బ దగ్గరికి రాదు," అంది అమ్మమ్మ. వాడు తాగలేదు. కొత్తావకాయ కలిపిన బేసినులో వేడన్నం వేసి, నెయ్యి పోసి, ముద్దలు చేసి చేతిలో పెడుతుంటే మాత్రం తోసుకుని మరీ ముందుకొచ్చాడు. పక్కన ఆవ పెట్టిన పనసపొట్టు కూర. తరవాత ముంజెలు, ఆ తరవాత రసాలు. పెద్ద రసం గొప్పా చిన్న రసం గొప్పా అన్న తగువు మా ఇంట్లో ఏటా తేలకుండానే మామిడిపళ్ల కాలం అయిపోతుంది. చిన్న రసమే గొప్ప.

తరవాత చాప, దిండు, నిద్ర. కృత్తిక కార్తె ఇది. రోళ్లు పగిలే రోహిణి ఇంకా ముందుంది. నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ వింతేమీ కాదు. ఆ వేళ నిద్రపోవడం బద్ధకం కాదు, ఇంగితం.

మూడున్నరకి లేచి, ముఖాలు కడుక్కుని, గోదావరి గట్టు వైపే ఉన్న దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వచ్చాం. చల్లటి గోడలు, తక్కువమంది. 1897లో ఈ ఊళ్లో పుట్టిన రామారావులోని చిత్రకారుణ్ని గుర్తించింది ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్లో చదివి, తిరిగొచ్చి ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి వచ్చి, ఇరవై ఎనిమిదో ఏడు నిండకుండానే పోయాడు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బడినీ బొమ్మల్నీ కాపాడకపోతే మనకీ గది ఉండేది కాదు.

'పుష్పాలంకరణ' ముందు మేనకోడలు నిలబడిపోయింది. ఫోను తీసింది, మళ్లీ లోపల పెట్టేసింది. ఆడవాళ్ల ఒంటి ఒంపులు, చీర మడతలు, వెనక వెలుగు అంతా ఇక్కడిదే, మనకి తెలిసిన ముఖాలే. బొమ్మల మీద పడే వెలుగు ఇంకా మెరుగ్గా ఉండాల్సింది, పేర్ల చీటీలు ఇంకాస్త పెద్దవిగా ఉండాల్సింది. మన ఊరి సంపదని మనం ఎంత పొదుపుగా చూసుకుంటామో! సెలవు రోజు ముందే కనుక్కుని రండి, తలుపు ముందు నిలబడాల్సిరాదు.

బయటికొస్తే ఎండ పల్చబడింది గాని పోలేదు. మెయిన్ రోడ్డులోకి తిరిగాం, కొట్ల నీడ రోడ్డు సగానికి వచ్చింది. రోజ్ మిల్క్ కొట్టు ముందు జనం, కూర్చోవడానికి చోటు లేదు, ఎవరూ అడగరు కూడా. గాజు గ్లాసులో చల్లటి గులాబీరంగు పాలు, చిక్కగా. అల్లుడు పై పెదవి మీద గులాబీ మీసం. రెండోది కావాలన్నాడు, ఇప్పించాను. చెల్లెలికి చెప్పొద్దని ఒప్పందం.

ఆరున్నర అవుతుండగా పొద్దు కొవ్వూరు వెనక్కి దిగింది. ఇప్పుడు మళ్లీ గట్టు మనది. పిడత కింద పప్పు వాడి దగ్గర ఉల్లిపాయ ముక్కల టకటక, మొక్కజొన్న పొత్తుల బొగ్గు సెగ, హారతికి గంటలు. దీపాల వరస పైకి లేస్తుంటే జనం ఫోన్లు కూడా లేచాయి. మెట్లకి చివర ఎవరో తిని పారేసిన ప్లాస్టిక్ గిన్నెలు నీళ్లలోకి జారుతున్నాయి. 2027లో పుష్కరాలొస్తున్నాయి, కొత్త మెట్లూ కొత్త దీపాలూ వస్తాయి. చెత్తబుట్టలు కూడా వస్తే బాగుండు.

ఈ నెలలో మా ఊరు రావాలనుకుంటే తెల్లవారుజామున దించే రైలుకి టికెట్టు తీసుకోండి. బస గట్టుకి దగ్గర్లో చూసుకోండి, మధ్యాహ్నానికి ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి. పులస చేప మాత్రం అడగొద్దు. పుస్తెలమ్మైనా తినమన్నారు గాని, వరద రాకముందు తినమన్లేదు. అది ఆషాఢం దాటాకే.