పుట్టినరోజు, పచ్చిక, పెట్టె చెక్క

ప్రాజెక్టు కాలనీల్లో కాపురం చేసిన వారి ఇళ్లలో ఇప్పటికీ ఒక ముక్కాలిపీటో, పొట్టి బల్లో కనిపిస్తుంది. కొత్త సోఫాల మధ్య అది వెలవెలబోతున్నా, తీసేద్దామంటే ఇల్లాలు ఒప్పుకోదు. "అది సాగర్ నాటిది" అంటుంది. ఆ ఒక్క మాటలో ఒక తరం ఉద్యోగుల కుటుంబ చరిత్ర ఉంది.

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. ఆ నడుమ కాలంలో రాళ్లగుట్టల మధ్య ఊళ్లే వెలిశాయి. ఎడమ గట్టున పైలాన్ కాలనీ, హిల్ కాలనీ. కుడి గట్టున విజయపురి సౌత్. ఇంజనీర్లు, గుమాస్తాలు, సర్వేయర్లు, డ్రైవర్లు తలో జిల్లా నుంచి వచ్చి ఇరుగుపొరుగయ్యారు. తాతలనాటి వాకిలి లేదు, పందిరిమంచం లేదు. సర్కారు ఇచ్చిన నాలుగు గోడలు, ముందు కాస్త జాగా, అంతే.

ఆ జాగాలో పచ్చిక పెంచాలన్న సరదా మనకు దొరల బంగళాల నుంచి వచ్చింది. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కత్తిరించే యంత్రం కనిపెట్టాక, లాన్ పెంచడం అక్కడ మధ్యతరగతికీ అందింది. ఇక్కడ కంటోన్మెంట్లలోనూ, కలెక్టరు బంగళాల్లోనూ అది హోదాకు గుర్తయింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పద్ధతే కాలనీలకూ పాకింది. పెద్ద ఇంజనీరుగారి బంగళాకు తోటమాలి ఉండేవాడు. చిన్న క్వార్టర్లలో ఇంటాయనే తోటమాలి, కొడవలే యంత్రం. విత్తనం కొన్నవారు లేరు. వినాయకచవితి పూజకు కోసుకొచ్చే గరికనే కణుపుల దగ్గర తుంచి తడిమట్టిలో నాటితే, రెండు వానలకు అల్లుకుపోయేది. తుంగ ఏరడం ఆదివారం పిల్లల పని. గడ్డ మిగిలితే మళ్లీ మొలుస్తుందని తండ్రులు కేకలేసేవారు. స్నానాల నీళ్లు పచ్చికకు, వంటింటి నీళ్లు అరటికి పోయేవి.

ఇక సామాను సంగతి. యంత్రాలు చెక్కపెట్టెల్లో దిగేవి. ఆ ఖాళీ పెట్టెలను వేలంలో పాడుకుని, మేకులు పీకి, వంకరలు సరిచేసి మళ్లీ వాడుకునేవారు. వడ్రంగిని పిలిచే స్తోమత లేనివారు రంపం, చిత్రిక ఎరువు తెచ్చుకుని సాయంత్రాలు తామే పనిలో దిగేవారు. మా ఇంటి బల్లకు ఒక కాలు పొట్టి. దానికింద పెట్టిన అట్టముక్క మారింది గాని బల్ల మారలేదు. వార్నిషు కింద పెట్టె మీది నల్ల అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. మా పిల్లలు అక్షరాలు దిద్దింది దాని మీదే.

ఈ పచ్చికా, ఈ బల్లా ఒక్కచోట కలిసేది పుట్టినరోజు నాడు. ఉదయం తిథి ప్రకారం తలంటు, కొత్తబట్ట, పరమాన్నం, హారతి. సాయంత్రం తేదీ ప్రకారం పచ్చిక మీద బల్ల వేసి కేకు. ఓవెన్ లేదు గనుక దబరలో ఇసుక పోసి పొయ్యి మీద కాల్చేవారు. కొవ్వొత్తి ఆర్పబోతే నాయనమ్మ, "శుభమా అని దీపం ఆర్పుతారుట్రా!" అని అడ్డుపడేది. కొవ్వొత్తి మానేసి దీపం వెలిగించి కేకు కోసిన ఇళ్లూ ఉన్నాయి.

అయితే ఉద్యోగికి ఇంకొక పుట్టినరోజు ఉంది. అది సర్వీసు రిజిస్టరులోది. బడిలో చేర్చిన రోజున మేష్టారు వయసు అంచనా కట్టి జూలై 1 అని రాసేస్తే, అదే ఖాయం. తిథి వేరైనా, అమ్మకు గుర్తున్న గాలివాన రోజు వేరైనా చెల్లదు. ఈ తేదీ నమోదు, మార్పులపై రాష్ట్రంలో 1984లో ప్రత్యేక నిబంధనలే వచ్చాయి. పుట్టిన నెల ఆఖరి రోజున పదవీ విరమణ. ఒకటో తేదీన పుడితే అంతకుముందు నెలాఖరుకే. 1983 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు, ఆ వయసు దాటినవారంతా ఆ నెలాఖరుకే ఇంటిదారి పట్టవలసి వచ్చింది. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. 1984లో మళ్లీ 58 చేశారు.

విరమణతో క్వార్టరు అప్పగించాలి. బల్బులు, కుళాయిలు, కిటికీ అద్దాలు లెక్క చూసి సంతకం చేయించుకుంటారు. పచ్చికకు లెక్క లేదు. పదేళ్లు తుంగ ఏరిన చేతులకు ఆ కాగితంలో చోటు లేదు. బదిలీ మీద పోచంపాడుకో, శ్రీశైలానికో వెళ్లినా అంతే, గడ్డి వెనక వచ్చేవారిది. లారీ ఎక్కి మనతో వచ్చింది పెట్టె చెక్క బల్ల ఒక్కటే. అందుకే ఇల్లాలు దాన్ని వదలదు.

ఇప్పుడు రిజిస్టరు తేదీకి మరో ప్రయోజనం కలిగింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 70 ఏళ్లు నిండిన పెన్షనరుకు అదనపు పెన్షను వస్తోంది. ఒకనాడు ఇల్లు ఖాళీ చేయించిన తేదీయే ఈనాడు నాలుగు రూపాయలు తెస్తోంది. ఈసారి ఆ రోజున మనవలను పాత బల్ల చుట్టూ కూర్చోబెట్టి, దాని కథ చెప్పండి. అప్పగింత కాగితంలో రాయని లెక్క అదొక్కటే మన దగ్గర మిగిలింది.