తుపాకి ఒక చోట, మందు ఒక చోట



పోయిన నెల మన సభ్యులలో ఒకరు తమ ఊరిలోని పాత ఇంటి ఫోటోలు మన గుంపులో పెట్టినారు. టేకు స్తంభాలు, నడిమి వాకిలి, తాతముత్తాతల పటాలు. అందరూ బాగుంది బాగుంది అన్నారు. ఒక చిన్నవాడు మాత్రం ఒక ప్రశ్న అడిగినాడు: "పటాల కింద గోడకు రెండు ఇనుప కొక్కేలు ఉన్నాయే, అవి ఎందుకు?" ఎవరూ జవాబు రాయలేదు. మాకు జవాబు తెలుసు. మా తాత ఇంట్లో కూడా అవే కొక్కేలు ఉండేవి. వాటి మీద తుపాకి ఉండేది. ఆ కథ రెండు వాక్యాల్లో చెప్పేది కాదు కాబట్టి ఈ వారం ఇదే రాస్తున్నాము.

మేము చదివింది తమిళ బడిలో. తెలుగు రాత ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నాము, తప్పులుంటే మన్నించండి. ఒకసారి తుపాకిమందును తమిళంలో 'కరుమరుందు' అంటారు కదా అని తెలుగులో 'నల్లమందు' అని రాసినాము. విజయవాడ మిత్రుడొకరు చదివి, "మీ తాతగారు అభిని అమ్మేవారా?" అని అడిగినారు. అప్పటినుంచి జాగ్రత్తగా 'తుపాకిమందు' అనే రాస్తున్నాము.

ముందు మన పాత చరిత్ర కొంచెం. మదురై నాయకుల కాలంలో దేశాన్ని 72 పాళయాలుగా పంచినారని మన పెద్దలు చెప్పేది అందరికీ తెలుసు. ఆ పాళెగాండ్లలో మన తెలుగువాళ్ళు చాలామంది. పాళెగాడంటే కత్తి, ఈటె, తుపాకి పట్టుకొని యుద్ధానికి పోయేవాడని మాత్రమే సినిమాలు చూపిస్తాయి. ఏడాది పొడుగునా అతను చేసే పని వేరే ఉంది. అది కావలి. ఊళ్ళకు, దారులకు, సంతలకు దొంగల నుంచి కాపలా. దానికి ప్రతి ఊరూ కావలి రుసుము కట్టేది. ఈ ఏర్పాటులో ఒక గట్టి షరతు ఉండేది: కావలిలో ఉన్న ఊరిలో దొంగతనం జరిగి, సొత్తు దొరక్కపోతే, కావలికాడే దాని వెల చెల్లించాలి. "దొంగ దొరకలేదు, మేమేం చేసేది" అంటే చెల్లదు. కావలికాడి మాట అంటే అంత విలువ.

తర్వాత కంపెనీ వచ్చింది. 1799 సెప్టెంబరులో మేజర్ బానర్‌మన్ పాంచాలంకురిచ్చి కోటను ముట్టడించినాడు. అక్టోబరు 16న వీరపాండ్య కట్టబొమ్మన్‌ను కయత్తారులో ఉరి తీసినారు. ఆ వెంటనే, కోటలు పడగొట్టాలి, ఆయుధాలు అప్పగించాలి అని పాళెగాండ్లకు ఆజ్ఞ వచ్చింది. 1801 ఫిబ్రవరిలో ఊమైదురై పాళయంకోట్టై చెర నుంచి తప్పించుకొని, పడిపోయిన కోటను కొద్ది రోజుల్లోనే మళ్ళీ కట్టినాడు. మే నెలలో ఆ కోటా పడింది. ఆ సంవత్సరం డిసెంబరు 1న మద్రాసు గవర్నరు క్లైవ్ ప్రకటనతో ఈ ప్రాంతంలో ఆయుధం పట్టడమే నిషేధమైంది. కావలి హక్కు కూడా కంపెనీ చేతికి పోయింది. ఊరిని కాచేవాడే ఊరికి అనుమానస్థుడైనాడు.

1857 తిరుగుబాటు తర్వాత దేశమంతటికీ ఆయుధాల చట్టాలు వచ్చినాయి. 1878లో లిట్టన్ ప్రభువు తెచ్చిన చట్టం వాటిలో పెద్దది. తెల్లవాళ్ళకు మినహాయింపు, మనవాళ్ళకు లైసెన్సు. అందుకే మన జాతీయ నాయకులు ఆ చట్టాన్ని అవమానంగా తలచినారు. పల్లెలో రైతుకు పంట కాపాడుకునేదానికి లైసెన్సు మీద గొట్టంలో మందు కూరి కాల్చే ఒంటి గొట్టం నాటు తుపాకి దొరికేది. మా తాతది కూడా అదే.

కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి ఊరు మాది. సజ్జ, జొన్న, పత్తి. అడవిపందుల బాధ. తుపాకిని తాత వాకిట్లో కొక్కేల మీద పెట్టేవారు, వచ్చినవాళ్ళందరూ చూసేటట్టు. నిజం చెప్పాలంటే పందుల కోసం తీసింది తక్కువ, బంధువుల కోసం తుడిచింది ఎక్కువ. మందు మాత్రం అవ్వ దగ్గర. పొయ్యికి దూరంగా, వెనక గదిలో, మూత బిగువైన ఇత్తడి డబ్బాలో పెట్టి, ఆ గదికి తాళం వేసి, చెవిని కొంగుకు ముడి వేసుకొనేది. తాత అడిగినా, "ఎందుకు? ఎంత?" అని కనుక్కొనే ఇచ్చేది. చదువు రాని అవ్వ ఆ డబ్బాను వారానికొకసారి చేత్తో ఎత్తి బరువు చూసేదట.

మేము పుట్టక ముందు ఒక పెళ్ళికి ఇంటిల్లపాదీ పక్క ఊరికి పోయినారు. తిరిగి వచ్చేసరికి వెనక తలుపు విరిచి ఉంది. రెండు ఇత్తడి అండాలు, ఒక రాగి బిందె, వాకిట్లో తుపాకి, ఇవి పోయినాయి. వెనక గది తాళం రాయితో కొట్టిన గుర్తులున్నాయి కానీ ఊడలేదు. మందు డబ్బా ఉన్నచోటే ఉంది.

తాత ఆ రాత్రే లాంతరు పట్టుకొని ఆరు మైళ్ళు నడిచి స్టేషనుకు పోయి రాయించినారు. అక్కడ అధికారి మొదట అడిగింది దొంగ గురించి కాదు. "తుపాకి ఎక్కడ పెట్టినావు? గోడకా? తాళం లేకుండానా?" తాత దగ్గర జవాబు లేదు. మూడు నెలలు తిరిగినారు. చివరకు ఎండిపోయిన ఒక పాత బావిలో తుపాకి దొరికింది, తుప్పు పట్టి, కట్టె విరిగి. మందు లేని తుపాకి దొంగకు కూడా బరువే అయింది. తాత లైసెన్సు తిరిగి ఇచ్చేసినారు. మా నాయనతో అన్నారట: "కావలి వంశంలో పుట్టి సొంత వాకిలి కాచుకోలేకపోతిని. పోయింది తుపాకి కాదురా, మాట పోయింది." కొక్కేలు మాత్రం పీకలేదు. సిగ్గు గుర్తుండాలని అట్లే ఉంచినారు.

ఉద్యోగంలో చేరినాక చరిత్ర పుస్తకాలు చదివేటప్పుడు తుపాకులు పోయిన కథ ఎక్కడ కనబడినా మేము ఆగి చదివేవాళ్ళం. మూడు కథలు మీకు చెప్తాము. ఇందులో ఉన్నవాళ్ళు చాలామంది దేశం కోసం ప్రాణం పెట్టినవాళ్ళు. వాళ్ళను దొంగలని అనడం మా ఉద్దేశం కాదు. మేము చూసేది తాళం వైపు నుంచి మాత్రమే.

మొదటిది కలకత్తా, 1914 ఆగస్టు 26. రోడ్డా అనే ఆయుధాల కంపెనీకి ఓడలో సరుకు వచ్చింది. కస్టమ్స్ నుంచి విడిపించుకొచ్చే పని ఆ కంపెనీ గుమాస్తాది. ఆయన 202 పెట్టెలు విడిపించినాడు. గోదాములో దింపింది 192. మిగిలినవి తెస్తానని పోయినాడు, మళ్ళీ రాలేదు. ఆ పది పెట్టెల్లో 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు. కంపెనీ పోలీసులకు చెప్పింది మూడు రోజుల తర్వాత! అప్పటికే పిస్తోళ్ళు విప్లవకారుల గుంపులకు పంచడమైపోయింది. ఆ తర్వాత 54 కేసుల్లో వాటిని వాడినారని 1918లో రౌలట్ కమిటీ రాసింది. సరుకు లెక్క చూసుకొనే పని చేసినవాళ్ళము కాబట్టి మాకు ఇక్కడ గుండె ఝల్లుమంటుంది. 202 విడిపించి 192 దింపితే, ఆ సాయంత్రమే అడగవద్దా? మా తాత చదువుకోలేదు, అయినా ఆ రాత్రే నడిచిపోయినారు.

రెండవది మన మద్రాసు రాజధానిలోనే, మన్యంలో. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా మూడు రోజులు అల్లూరి సీతారామరాజు గారి దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది. మొత్తం 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు తీసుకుపోయినారు. ఏమేమి తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో రాసి పోయినారని చెప్తారు. మాకు కనిపించేది ఇంకొకటి. ఆ స్టేషన్లలో తుపాకీ తూటా ఒకే కప్పు కింద ఉన్నాయి. ఒక్క తలుపు దాటితే రెండూ దొరికినాయి.

మూడవది చిట్టగాంగ్, 1930 ఏప్రిల్ 18. సూర్యసేన్ గారి దళం పోలీసు ఆయుధాగారాన్ని, ఆక్సిలరీ ఫోర్స్ ఆయుధాగారాన్ని ఒకే రాత్రి పట్టుకున్నది. ఆక్సిలరీ ఫోర్స్ ఆయుధాగారంలో మంచి రైఫిళ్ళు, మెషిన్‌గన్నులు చేతికి వచ్చినాయి. కానీ వాటి తూటాలు దొరకలేదు. అంత ధైర్యంతో, అంత ప్రణాళికతో పోయినవాళ్ళు ఆ తుపాకులను వాడుకోలేకపోయినారు. కలకత్తాలో కలిసి వచ్చినవి కలిసి పోయినాయి, మన్యంలో ఒకే కప్పు కింద ఉన్నవి ఒకేసారి పోయినాయి, చిట్టగాంగులో విడిగా ఉన్నవి నిలిచినాయి. మా అవ్వ ఈ మూడు ఊళ్ళ పేర్లూ ఎరగదు. ఆమె కొంగు ముడిలో ఉన్న తెలివి మాత్రం అదే.

రైల్వేలో కూడా ఇదే తెలివి. పాతకాలంలో చిన్న స్టేషన్ల వసూలు డబ్బు సంచులను బండిలో గార్డు ఉండే బ్రేక్ వ్యానులోని ఇనుప పెట్టెలో వేసేవాళ్ళు. సంచి లోపలికి పోతుంది, బయటికి రాదు. పెట్టె గార్డు దగ్గర, చెవి క్యాష్ ఆఫీసులో. గార్డు మీద నమ్మకం లేక కాదు. వస్తువు ఒకరి దగ్గర, చెవి ఇంకొకరి దగ్గర, లెక్క మూడో చోట ఉంటే మంచివాడికి నింద రాదు, చెడ్డవాడికి ఆశ పుట్టదు.

ఇక మన కాలానికి వస్తాము. ఈ చరిత్ర ఇప్పుడెందుకంటే, మన సభ్యుల ఇళ్ళలో కొన్నిటిలో కొక్కేలు ఖాళీగా లేవు. తాత లైసెన్సు మీద ఉన్న తుపాకి, తాత పోయి ఇరవై ఏళ్ళయినా అటక మీద ఉంది. పిల్లలు బెంగళూరు, అమెరికా పోయినారు. ఇంట్లో ఒంటరి ముసలివాళ్ళు, లేదా పదకొండు నెలలు తాళం. దొంగకు ఇంతకంటే ఏం కావాలి? అది ఎవరి మీదనైనా పేలితే జవాబు చెప్పవలసింది ఆ ఇంటి పెద్దే.

1959 ఆయుధాల చట్టంలో దీనికి దారి ఉంది. లైసెన్సు గడువు తీరినా, లైసెన్సుదారు చనిపోయినా, ఆ తుపాకిని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషనులోగానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గరగానీ అప్పగించాలి. అప్పగిస్తే ఆస్తి పోయినట్టు కాదు. వారసులు లైసెన్సు పొందితే తిరిగి తీసుకోవచ్చు, లేదా చట్టప్రకారం అమ్మవచ్చు. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల మితి రెండుకు తగ్గింది, అది కూడా చూసుకోండి. 2016 నియమాల ప్రకారం లైసెన్సు అడిగేటప్పుడే భద్రంగా దాచుతానని రాసి ఇవ్వాలి. పోతే వెంటనే స్టేషనులో చెప్పాలన్నది లైసెన్సు షరతులలోనే ఉంది. మా తాతను కాపాడింది కూడా ఆ రాత్రి నడకే.

లైసెన్సు ఉన్నవాళ్ళకు మా మాట: గోడకు వద్దు, అటక మీద వద్దు, పరుపు కింద వద్దు. గోడకు గానీ నేలకు గానీ బోల్టుతో బిగించిన ఇనుప బీరువాలో, ఖాళీ చేసి, తాళం వేసి పెట్టండి. తూటాలు వేరే గదిలో, వేరే తాళంలో. తుపాకి నంబరు, లైసెన్సు నకలు ఇంకొక చోట. చెవి పూజగదిలో దేవుడి పటం వెనక పెట్టకండి, దొంగ మొదట చూసేది అక్కడే. నెలకొకసారి తెరిచి లెక్క చూడండి. ఊరికి పోయేటప్పుడు డీలరు దగ్గర పెట్టి రశీదు తీసుకోండి. ఎన్నికలప్పుడు స్టేషనులో అప్పగించే అలవాటు మనకు ఉన్నదే కదా. పెళ్ళి ఫోటోల్లో తుపాకి పట్టుకొని దిగి గుంపులో పెట్టకండి. అది దొంగకు మనమే పంపే శుభలేఖ. పాత నాటు తుపాకి దొరికితే ఖాళీగా ఉందని నమ్మి గొట్టంలోకి చూడకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. ముందు స్టేషనుకు చెప్పి, తెలిసినవాడిని పిలవండి.

"తాత గుర్తు పోతుంది కదా" అని కొందరు బాధపడతారు. ఆ బాధ మాకు తెలుసు. 1801లో బలవంతంగా లాక్కున్నవాటికీ, ఇప్పుడు మనమే రశీదు తీసుకొని అప్పగించేదానికీ తేడా ఉంది. అప్పుడు మన మాట పోయింది, ఇప్పుడు మన మాట నిలుస్తుంది. పాళెగాండ్ల నుంచి మనకు వచ్చిన ఆస్తి తుపాకి కాదు, కావలి.

కొక్కేల గురించి అడిగిన చిన్నవాడికి ఇదే మా జవాబు. నాయనా, అవి తుపాకి పెట్టేదానికి. ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి కదా, సంతోషం. వాటికి ఒక పూలదండ వేయి.

ఎవరి ఇంట్లోనైనా ఇట్లాంటిది ఉండి, ఎవరిని అడగాలో తెలియకపోతే, గుంపులో రాయకండి. ఆదివారం సంఘం ఆఫీసుకు రండి. స్టేషనుకు తోడుగా మేము వస్తాము.