గిండీ కాలేజీలో ఒక తల్లి

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కెనడాలో ఎల్సీ మెక్‌గిల్ అనే ఆవిడ ఉండేవారు. పోలియో వచ్చి కర్రల సాయంతో నడిచే మనిషి, హరికేన్ యుద్ధవిమానాలు తయారుచేసే ఫ్యాక్టరీకి చీఫ్ ఇంజనీరు! సరిగ్గా ఆ రోజుల్లోనే మన తెలుగింటి ఆడపడుచు ఒకామె మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో మగపిల్లల మధ్య కూర్చుని ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివారు. ఆమె పని విమానాలతో కాదు, కరెంటు లైన్లతో. ఈవేళ ఆమె సంగతి చెబుతాను.

ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావుగారు ఆ గిండీ కాలేజీలోనే ప్రొఫెసరు. పదిహేనో ఏట పెళ్లి చేశారు గాని స్కూలు చదువు మాత్రం పూర్తి చేయించారు. 1937లో ఆడపిల్ల పుట్టింది. పాపకు నాలుగు నెలలప్పుడు భర్త పోయారు.

పద్దెనిమిదేళ్లకే పసుపుకుంకాలు పోయి, ఒళ్లో పసిగుడ్డుతో మిగిలిన పిల్లకి ఆ రోజుల్లో ఇంట్లో ఏ మూల దక్కేదో మీకు నేను చెప్పనక్కర్లేదు. లలితగారు పుట్టింటికి వచ్చి, క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియెట్ ఫస్టు క్లాసులో ప్యాసయ్యారు. ఆ తర్వాత? ఆడపిల్ల పెద్ద చదువంటే అప్పుడు డాక్టరీయే. కాని డాక్టరమ్మకు అర్ధరాత్రి పిలుపు వస్తే పిల్లను వదిలి పోవాలి కదా! వేళకు వెళ్లి వేళకు ఇంటికొచ్చే ఉద్యోగం కావాలని ఆమె ఇంజనీరింగు ఎంచుకున్నారు. నన్నడిగితే ఈ కథలో అన్నిటికన్నా గొప్ప లెక్క ఇదే. నాదీ మెట్రిక్కే అనుకోండి, కాని పిల్లల తల్లి వేసుకునే లెక్క నాకు తెలుసు.

ఆడవాళ్లు లేని కాలేజీ అది. తండ్రి అడగగా ప్రిన్సిపాలు చాకోగారు, విద్యాశాఖ డైరెక్టరు స్టాథమ్ దొర ఒప్పుకున్నారు. నాన్న అక్కడే ప్రొఫెసరు కాకపోతే ఆ తలుపు తెరుచుకునేదా అంటే, నాకైతే అనుమానమే. ఆ మాట అన్నంత మాత్రాన ఆమె చదివిన చదువు తక్కువైపోదు. తను హాస్టల్లో, పాప అయినవాళ్ల దగ్గర. తర్వాత లీలమ్మ జార్జి, పి.కె. త్రేస్యా అనే ఇద్దరమ్మాయిలు సివిలులో చేరాకగాని ఆమెకు తోడు దొరకలేదు. 1943లో చదువు పూర్తయింది. సర్టిఫికెట్టు మీద ఇంగ్లీషులో మగవాళ్లకు రాసే 'హి' అనే మాటే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి చేత్తో 'షి' అని రాసిచ్చారు!

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకుని, సిమ్లాలో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. కలకత్తా ఎందుకంటే అన్నగారి ఇల్లు అక్కడ ఉంది. వదినగారు పాపను చూసుకునేవారు. ఇలాంటి వదినల గురించి రేడియోలో ఎవరూ మాట్లాడరు.

అక్కడ ఆమె పని కరెంటు లైన్లకీ, సబ్‌స్టేషన్లకీ డిజైన్లు వెయ్యడం. భాక్రా నంగల్ డ్యాము పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. మా పాణ్యం దగ్గర గని, శకునాల వైపు 2017లో వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు వచ్చింది. అటు వెళితే వరసగా ఇనుప టవర్లు కనిపిస్తాయి. మన సీమ ఎండకు తీగ వేడెక్కితే సాగి కిందికి జారుతుంది. ఎంత జారుతుందో ముందే లెక్క కట్టి, టవరుకీ టవరుకీ ఎంత దూరం, ఎంత ఎత్తు అని తేల్చాలి. ఎక్కడో పిడుగు పడితే ఆ ముక్క వరకే కరెంటు ఆగి, తక్కిన లైను చెడకుండా ఏర్పాటు చెయ్యాలి. ఇలాంటి లెక్కలే ఆమె రోజూ చేసిన పని.

1964 జూన్‌లో న్యూయార్కులో ప్రపంచ మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి సమావేశం జరిగింది. ప్రతినిధిగా పంపడానికి మన దేశంలో అప్పటికి అలాంటి మహిళా సంఘమే లేదు. తనంతట తానుగా వెళ్లి వచ్చారు. 1977లో రిటైరయ్యారు. రెండేళ్లకే, అరవయ్యో ఏట, కన్నుమూశారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తండ్రి లేని లోటు తనకెప్పుడూ తెలియనివ్వలేదని కూతురు తర్వాత చెప్పుకుంది.