అమీర్‌పేటలో మారిన బోర్డులు

హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ తెరుచుకున్నది 1998 నవంబరులో. కానీ ఈ నగరానికి కంప్యూటర్‌తో పరిచయం అంతకు చాలా ముందుది. 1967లో పుట్టిన ప్రభుత్వరంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, ఏ.ఎస్. రావు సారథ్యంలో టీడీసీ శ్రేణి కంప్యూటర్లు తయారుచేసింది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లాక, దాని యంత్రాల బాగోగులు ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ చూసుకుంది. 1987లో సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం మొదలైంది. అయితే వీటిలో చోటు దొరికింది కొందరికే. ఊళ్లలో చదువుకున్న పిల్లలకు ఈ రంగం తలుపు తీసింది హైదరాబాద్‌లోని అమీర్‌పేట.

మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల ఒక్కో అంతస్తులో నాలుగైదు ఇన్‌స్టిట్యూట్లు. మొదటి రెండు మూడు రోజులు డెమో క్లాసులు, డబ్బు కట్టక్కర్లేదు. సార్ చెప్పేది నచ్చితే బ్యాచ్‌లో చేరడం, లేకపోతే పక్క మెట్లెక్కడం. పొద్దున ఏడింటికి క్లాసు చెప్పి తొమ్మిదింటికి ఆఫీసుకు పరుగెత్తే ‘రియల్‌టైమ్’ ఫ్యాకల్టీకి గిరాకీ ఎక్కువ. కింద జిరాక్స్ షాపుల్లో రన్నింగ్ నోట్సు, వెనక వీధుల్లో హాస్టళ్లు, మెస్‌లు. యూనివర్సిటీ సిలబస్ మారేలోపు ఇక్కడ బోర్డులు రెండుసార్లు మారేవి. ఆ వేగమే ఈ వీధికి బలం.

ఆ వేగానికి తొలి పెద్ద పరీక్ష వైటూకే. మెమరీ ఖరీదైన రోజుల్లో రాసిన ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండే అంకెల్లో దాచాయి. 99 తర్వాత వచ్చే 00ను అవి 1900 అనుకునే ప్రమాదముంది. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో పేరుకుపోయిన కోబాల్ భాషలోని కోడును వరస వరసా చదివి తేదీలు సరిచేయాలి. అందుకు అమెరికాలో మనుషులు చాల్లేదు. అక్కడ హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 65,000 నుంచి 1,15,000కు, 2001లో 1,95,000కు పెరిగింది. అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్, డీబీ2 బోర్డులు వెలిశాయి. సివిల్, మెకానికల్ చదివినవాళ్లు, ఎమ్మెస్సీలు కూడా మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుని విమానమెక్కారు.

ఆ వెంటనే దెబ్బ తగిలింది. 2001 నాటికి డాట్‌కామ్ కంపెనీలు కూలాయి. కన్సల్టెన్సీలు తీసుకెళ్లిన కుర్రాళ్లు ప్రాజెక్టు లేక ‘బెంచ్’ మీద మిగిలారు. జీతం ఆగితే వీసా కూడా ప్రశ్నార్థకమే. హైదరాబాద్‌లోని తెలుగు ఇళ్లనూ, సిడ్నీలోని తెలుగు కుర్రాళ్లనూ దగ్గరగా చూసి పరిశోధకుడు షియాంగ్ బియావో కన్సల్టెన్సీలు మనుషులను సరఫరా చేసే ఈ వ్యవస్థ మీద ఒక పుస్తకమే రాశాడు. 2004లో వీసాల పరిమితి మళ్లీ 65,000కు దిగింది.

బెంచ్ మీదివాళ్లలో నిలదొక్కుకున్నవాళ్లు చాలామంది మళ్లీ విద్యార్థులయ్యారు. జావా, డాట్‌నెట్, ఒరాకిల్, శాప్, టెస్టింగ్ వచ్చాయి. తర్వాత హడూప్, ఆపైన ఏడబ్ల్యూఎస్, డెవాప్స్, డేటా సైన్స్.

ఈ వీధికి అంటిన మచ్చ ఫేక్ ఎక్స్‌పీరియన్స్. ఫ్రెషర్‌ను తీసుకోని కంపెనీల ముందు, చేయని ఉద్యోగాన్ని రెజ్యూమెలో రాయించిన కన్సల్టెన్సీలున్నాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికి బతుకు పాడైనవాళ్లూ ఉన్నారు. అది తప్పే. కానీ దాన్ని చూపి అమీర్‌పేట మొత్తాన్ని ఎగతాళి చేయడం అన్యాయం. క్యాంపస్ సెలక్షన్లే రాని కాలేజీల పిల్లలకు, పెళ్లీ పిల్లల వల్ల ఉద్యోగం మానేసి మళ్లీ రావాలనుకునే ఆడవాళ్లకు, తక్కువ ఫీజుతో దొరికిన చోటు ఇదే.

2020 లాక్‌డౌన్‌లో క్లాసులు జూమ్‌లోకి వెళ్లాయి. ఊళ్లోనే కూర్చుని నేర్చుకోవచ్చని తేలాక హాస్టళ్ల వ్యాపారం దెబ్బతింది. ఆ ఏప్రిల్‌లోనే, తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన న్యూజెర్సీలో, నిరుద్యోగ భృతి దరఖాస్తుల వెల్లువకు పాత ప్రభుత్వ కంప్యూటర్లు తట్టుకోలేకపోయాయి. అమీర్‌పేటలో ఒకప్పుడు బోర్డులెక్కిన ఆ కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ బహిరంగంగా అడిగారు.