తుపాకీ లాగే వేగం: హికాక్ చేతి నుంచి డల్లాస్ గరాజ్ దాకా

ఈ ఎపిసోడ్‌కి కారణం మా పిన్ని కొడుకు. డల్లాస్ దగ్గర ఉంటాడు. ఐటీ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. నేను అమెరికా వెళ్ళినప్పుడు వాళ్ళింట్లో వారం రోజులు ఉన్నాను. మనవాళ్ళ ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలు కన్నేస్తారన్న భయంతో అప్పటికి కొత్తగా ఒక పిస్టల్ కొన్నాడు.

రోజూ రాత్రి భోజనాలయ్యాక గరాజ్‌లోకి వెళ్ళేవాడు. తూటాలన్నీ తీసి వేరే గదిలో పెట్టేవాడు. ఖాళీ పిస్టల్‌ని చొక్కా కింద నడుము దగ్గర పెట్టుకుని, లాగడం ప్రాక్టీస్ చేసేవాడు. ఫోన్‌లో టైమర్. బీప్ అనగానే ఒక చేత్తో చొక్కా ఎత్తడం, ఇంకో చేత్తో లాగడం, గోడకి అతికించిన కాగితం వైపు గురిపెట్టడం. "మొదట్లో మూడు సెకన్లు పట్టేది అన్నయ్యా, ఇప్పుడు ఒకటిన్నరకి వచ్చాను" అన్నాడు. మనిషిలో కొంచెం గర్వం కూడా కనబడింది.

ఒక రాత్రి నేనూ కుర్చీ వేసుకుని చూస్తున్నాను. బీప్ వచ్చింది. సరిగ్గా అప్పుడే ఇంట్లోంచి గరాజ్‌లోకి వచ్చే తలుపు తెరుచుకుంది. వాళ్ళ చిన్నమ్మాయి, ఏడేళ్ళ పిల్ల, వాటర్ బాటిల్ కోసం వచ్చింది. వాడి చెయ్యి కాగితం వైపు వెళ్ళలేదు. తలుపు చప్పుడైన వైపు తిరిగింది. పిస్టల్ ఖాళీదే. పిల్లకి ఏమీ అర్థం కాలేదు, బాటిల్ తీసుకుని వెళ్ళిపోయింది. వాడు మాత్రం చాలాసేపు అలా నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నన్ను అడిగాడు: "నువ్వు చరిత్ర చదివావు కదా అన్నయ్యా. పాత రోజుల్లో అంత స్పీడ్‌గా లాగేవాళ్ళు కదా, వాళ్ళకి ఇలాంటివి జరగలేదా?"

జరిగాయి. ఆ జవాబే ఈ ఎపిసోడ్.

మనకి ఈ తుపాకీ లాగడం అనగానే గుర్తొచ్చేది సినిమా. 1971లో కృష్ణ గారి 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. ఆ టోపీ, ఆ గుర్రం, నడుముకి వేలాడే పిస్టల్. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు, ఎవరు ముందు లాగితే వాళ్ళు బతుకుతారు. చరిత్రలో చూస్తే అలాంటి పోట్లాటలు బహు తక్కువ. బాగా పేరు పడింది ఒకటుంది. 1865 జూలై 21న మిస్సోరీ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరి కూడలిలో జరిగింది. ఒకడు జేమ్స్ బట్లర్ హికాక్, జనం వైల్డ్ బిల్ అని పిలిచేవాళ్ళు. రెండోవాడు డేవిస్ టట్. పేకాట బాకీ దగ్గర టట్ హికాక్ జేబు గడియారం తీసేసుకున్నాడు. దాన్ని పెట్టుకుని నడిబజార్లో తిరగొద్దని హికాక్ హెచ్చరించాడు. వాడు తిరిగాడు.

ఇద్దరి మధ్య దూరం ఎంతో తెలుసా? సుమారు 75 గజాలు. ఆ దూరం నుంచి రివాల్వర్‌తో మనిషిని కొట్టాలంటే ఎంత వేగంగా లాగినా ఉపయోగం లేదు, గురి కావాలి. టట్ గుండు తప్పింది, హికాక్ గుండు తగిలింది. కేసు నడిచింది, హికాక్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ తర్వాత 1867లో హార్పర్స్ అనే పెద్ద మాసపత్రికలో అతని మీద ఒక వ్యాసం వచ్చింది. అందులో గోరంతలు కొండంతలయ్యాయి. అక్కడి నుంచి హికాక్ అంటే మెరుపు చెయ్యి.

ఇక అసలు సంగతికి వద్దాం. 1871లో హికాక్ కాన్సస్ రాష్ట్రంలోని అబిలీన్ ఊరికి మార్షల్, అంటే ఊరి పోలీసు పెద్ద. టెక్సాస్ నుంచి పశువుల మందలు తోలుకొచ్చే ఊరు అది. డబ్బు చేతిలో పడ్డాక తాగుడు, జూదం, గొడవలు. అక్టోబర్ 5 రాత్రి వీధిలో తుపాకీ పేలింది. హికాక్ వెళ్ళి చూస్తే ఫిల్ కో అనే టెక్సాస్ జూదగాడు చేతిలో రివాల్వర్‌తో నిలబడి ఉన్నాడు. కుక్కని కాల్చానన్నాడు. అంతలోనే హికాక్ మీదకి కాల్చాడు. హికాక్ లాగి కాల్చాడు. కో కడుపులో తగిలింది, కొన్ని రోజులకి చనిపోయాడు.

ఇంతవరకు సినిమాలాగే ఉంది కదా? అదే క్షణంలో ఇంకొక మనిషి చేతిలో తుపాకీతో పక్క నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. హికాక్ చప్పుడు విన్నాడు, తిరిగాడు, కాల్చేశాడు. పడిపోయినవాడు మైక్ విలియమ్స్. హికాక్ స్నేహితుడు, అతని కింద పని చేసే డిప్యూటీ. సాయం చేద్దామని వచ్చాడు పాపం.

హికాక్ చెయ్యి అప్పుడు కూడా తప్పలేదు. ఎంత వేగం సాధన చేశాడో అంత వేగంతోనే పని చేసింది. వచ్చింది ఎవరో చూడడానికి కంటికి టైమ్ దొరకలేదు, అంతే. ఆ డిసెంబర్‌లో ఊరి కౌన్సిల్ అతన్ని ఉద్యోగం నుంచి తీసేసింది. ఆ తర్వాత హికాక్ ఇంకెవరినీ తుపాకీ పోరులో చంపినట్టు చరిత్రలో దాఖలా లేదు. 1876 ఆగస్టు 2న డెడ్‌వుడ్ అనే ఊళ్ళో పేకాడుతుండగా జాక్ మెకాల్ అనేవాడు వెనక నుంచి తలలో కాల్చాడు. మెరుపు చేతికి తుపాకీ మీద చెయ్యి వేసే వ్యవధి కూడా లేదు.

సరే, ఇంకొకరి సంగతి. వ్యాట్ అర్ప్ పేరు వినే ఉంటారు. 1876 జనవరిలో విచిటా ఊళ్ళో పోలీసుగా ఉన్నప్పుడు ఒక సెలూన్‌లో కూర్చుని ఉండగా ఆయన రివాల్వర్ ఒరలోంచి జారి కిందపడి పేలింది. గుండు ఆయన కోటులోంచి దూసుకుపోయి పైకప్పుకి తగిలింది. ఆరు గదుల రివాల్వర్‌లో అయిదే నింపి, సుత్తి కింద గది ఖాళీగా వదిలెయ్యాలి అనే అలవాటు ఆ కాలంలో ఎందుకు వచ్చిందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

అయిదేళ్ళ తర్వాత, 1881 అక్టోబర్ 26న, అరిజోనాలో టూంబ్‌స్టోన్. ఓకే కోరల్ కాల్పులని అందరూ అంటారు గానీ, జరిగింది ఆ పశువుల దొడ్డిలో కాదు. దగ్గర్లో ఒక ఫొటో స్టూడియో పక్కన ఉన్న ఇరుకు ఖాళీ స్థలంలో. గొడవకి మూలం కూడా గమనించండి. ఊళ్ళో ఆయుధాలు పెట్టుకుని తిరగకూడదని మునిసిపల్ నిబంధన ఉంది. అవతలివాళ్ళ దగ్గర తుపాకీలు తీసుకోవడానికి వెళ్ళారు అర్ప్ సోదరులు, డాక్ హాలిడే. వ్యాట్ తుపాకీ నడుముకి వేలాడడం లేదు, ఓవర్‌కోటు జేబులో ఉంది. అంటే దాచిపెట్టుకున్న తుపాకీయే, మా తమ్ముడిలాగే.

తర్వాత జరిగిన విచారణలో వ్యాట్ ఏం చెప్పాడంటే, బిల్లీ క్లాంటన్ తన మీదకే గురిపెట్టాడని తెలిసినా తాను మాత్రం ఫ్రాంక్ మెక్లారీని గురిచూశానన్నాడు. ఎందుకంటే ఫ్రాంక్‌కి గురి బాగా కుదురుతుందని పేరు. ఆ హడావిడిలో కూడా ఎవరు ఎక్కువ ప్రమాదమో ఎంచుకున్నాడన్నమాట. అర నిమిషంలో ముప్ఫై దాకా గుండ్లు పేలాయి. ముగ్గురు చనిపోయారు. ఇద్దరు అన్నదమ్ములు గాయపడ్డారు. వ్యాట్‌కి గీత కూడా పడలేదు. అదృష్టం లేదని అనను. కానీ అది చేతి వేగం ఒక్కటే కాదని మాత్రం చెప్పొచ్చు.

మరి ఈ వేగం పిచ్చి ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు 1950ల నుంచి. అమెరికాలో టీవీల నిండా కౌబాయ్ సీరియల్స్. 'గన్‌స్మోక్' 1955లో మొదలైంది. హాలీవుడ్‌లో ఆర్వో ఓజాలా అనే ఆయన లోపల లోహపు రేకు పెట్టి ఒక ఒర తయారుచేసి, నటులకి లాగడం నేర్పేవాడు. ఆ తొడ కిందకి వేలాడే ఒర పాత కాలంది కాదు, సినిమా కాలంది. హికాక్ తన రివాల్వర్లని పిడులు ముందుకి ఉండేలా నడుం పట్టీలో దోపుకునేవాడు. టీవీ చూసి జనం పెరట్లో ప్రాక్టీస్ మొదలుపెట్టారు. నిజం తూటాలతో సాధన చేసి తమ కాళ్ళే కాల్చుకున్నవాళ్ళున్నారు. అందుకే ఆ పోటీల్లోకి మైనపు గుండ్లు, ఉత్త మందు తూటాలు వచ్చాయి.

దాచిపెట్టుకోవడం గురించి కూడా ఒక మాట. 1813లోనే కెంటకీ, లూసియానా రాష్ట్రాలు ఆయుధం దాచి తిరగడాన్ని నిషేధించాయి. నిజాయితీపరుడు బయటికి కనబడేలా పెట్టుకుంటాడు, దాచేవాడి మనసులో ఏదో ఉంటుంది అనేది అప్పటి ఆలోచన. ఇప్పుడు తారుమారైంది. 1987లో ఫ్లోరిడా అర్హులందరికీ పర్మిట్ ఇవ్వాలని చట్టం చేసింది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి చాలామందికి ఆ పర్మిట్ కూడా అక్కర్లేదు. పాత రోజుల్లో లాగడం వృత్తిగా ఉన్నవాళ్ళు చేసిన సాధన, ఇప్పుడు ఆఫీసు నుంచి వచ్చిన మనిషి గరాజ్‌లో చేస్తున్నాడు.

అసలు ముందు లాగినవాడు గెలుస్తాడా? ఈ ప్రశ్న నీల్స్ బోర్‌కి కూడా వచ్చింది. అవును, పరమాణువు నిర్మాణం చెప్పిన ఆ శాస్త్రవేత్తే. ఆయనకి కౌబాయ్ సినిమాలంటే ఇష్టం. విలన్ ముందు లాగినా హీరో ఎందుకు గెలుస్తాడని ఆలోచించి, బొమ్మ పిస్టళ్ళతో శిష్యుల మీద సరదాగా పరీక్ష కూడా చేశాడు. 2010లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ వెల్చ్‌మన్ బృందం దీన్ని ప్రయోగశాలలో కొలిచింది. తుపాకీలతో కాదు, బటన్లు నొక్కించి. ఎదుటివాణ్ణి చూసి స్పందించే చెయ్యి సుమారు 21 మిల్లీసెకన్లు వేగంగా కదులుతుంది. కానీ ఆ స్పందన మొదలవడానికే 200 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి సినిమా హీరో లెక్క తేలదు.

ఆ 200 మిల్లీసెకన్లు కూడా కదలిక మొదలవడానికే. వచ్చింది దొంగా, స్నేహితుడా, కూతురా అని తేల్చుకోవడానికి ఇంకా టైమ్ కావాలి. మా తమ్ముడు మూడు సెకన్ల నుంచి ఒకటిన్నరకి తగ్గించింది చేతి టైమ్. తేల్చుకునే టైమ్‌ని వాడు ఒక్కసారి కూడా ప్రాక్టీస్ చెయ్యలేదు. బీప్ ఎప్పుడూ "లాగు" అనే చెబుతుంది, "ఆగు" అని చెప్పదు కదా. అదే పనిగా రోజుకి యాభైసార్లు చప్పుడు వినగానే లాగితే, చేతికి వచ్చే చదువు అదే. మైక్ విలియమ్స్ చనిపోయింది ఆ చదువు వల్లే అని నా అభిప్రాయం.

ఇదంతా వాడికి ఆ రాత్రే చెప్పాను. వాడు వాదించలేదు. తుపాకీ అమ్మెయ్యలేదు కూడా. అది వాడి ఇల్లు, వాడి భయం. నేను ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పను. మొన్న ఫోన్ చేశాడు. గరాజ్ తలుపుకి గడియ పెట్టించాడట, పిస్టల్ తాళం పెట్టెలోకి వెళ్ళిందట. ప్రాక్టీస్‌లో టైమర్ తీసేశాడట. వాళ్ళావిడ వెనక నుంచి ఒక బొమ్మ చూపిస్తుంది. కొన్నిట్లో కత్తి పట్టుకున్న మనిషి, కొన్నిట్లో ఫోన్ పట్టుకున్న మనిషి, ఒకదాంట్లో వాటర్ బాటిల్‌తో చిన్నపిల్ల. చూసి, ఎవరో తేల్చుకున్నాకే చెయ్యి కదలాలి.

"మళ్ళీ రెండున్నర సెకన్లకి వచ్చేశాను అన్నయ్యా" అన్నాడు నవ్వుతూ.

పరవాలేదురా, ఆ సెకను ఉంచుకో అన్నాను.

ఉంటానండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.