దత్తత: ముస్లిం దంపతులకు ప్రభుత్వ ఏజెన్సీ దారి

పిల్లలు లేని ముస్లిం దంపతులు దత్తత మాట ఎత్తగానే ఇంట్లో పెద్దలు అనే మొదటి మాట, "మనకు దత్తత చెల్లదు కదా" అని. అందులో సగమే నిజం. షరియత్‌లో పెంచుకున్న బిడ్డ కన్నబిడ్డతో సమానం కాదు. అంతమాత్రాన ప్రభుత్వ ఏజెన్సీ ద్వారా బిడ్డను తెచ్చుకునే దారి ముస్లింలకు మూసేసి లేదు. ఈ రెండింటినీ కలిపేసుకుని కొందరు అసలు ప్రయత్నమే చేయరు. ఇంకొందరు బ్రోకర్ల చేతిలో డబ్బు పోసి కేసుల్లో ఇరుక్కుంటారు.

1956 నాటి హిందూ దత్తత చట్టం ముస్లింలకు వర్తించదు. చాలా కాలం వాళ్లకు మిగిలింది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే. దాని కింద వచ్చేది సంరక్షకత్వం మాత్రమే, అదీ బిడ్డకు 18 ఏళ్లు నిండేదాకా. జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చాక పరిస్థితి మారింది. షబ్నమ్ హష్మీ కేసులో 2014 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు, ఏ మతం వారైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని స్పష్టం చేసింది. అయితే ఇది ఇష్టమున్నవారికి ఉన్న వెసులుబాటే, పర్సనల్ లా పాటించాలనుకునేవారిపై బలవంతం లేదని కూడా చెప్పింది. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2015 చట్టం, 2022 దత్తత నిబంధనలు.

దరఖాస్తు అంతా కేంద్ర దత్తత సంస్థ కారా పోర్టల్‌లోనే. ఫోటో, పాన్, వయసు, చిరునామా, ఆదాయం, ఆరోగ్య సర్టిఫికెట్లు, పెళ్లి సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయాలి. పోర్టల్ తెలియనివారు కనీసం జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లి అడిగితే సరి. తర్వాత సోషల్ వర్కర్ ఇంటికి వచ్చి దంపతులతో, ఇంట్లోవాళ్లతో మాట్లాడి హోమ్ స్టడీ రిపోర్టు రాస్తారు. ఇల్లు ఎంత పెద్దదని చూడటానికి వచ్చే మనిషి కాదు. అత్తమామలు ఒప్పుకున్నారా, బిడ్డ లేనందుకు ఆడమనిషిని ఎవరైనా దెప్పుతున్నారా అన్నది కూడా ఆ మాటల్లో బయటపడుతుంది.

పెళ్లై రెండేళ్లు నిండాలి. బిడ్డకూ పెంచేవారికీ మధ్య కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసుల మొత్తం 85 దాటకూడదు. ఒంటరి మగవారికి ఆడపిల్లను ఇవ్వరు. ఇప్పటికే ఇద్దరు పిల్లలున్నవారికి ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, ఎవరూ ముందుకు రాని పిల్లల విషయంలోనే అవకాశం ఉంటుంది. బంధువుల బిడ్డకు ఈ షరతు లేదు. వరుస వచ్చేదాకా ఓపిక పట్టాలి. చంటిబిడ్డల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవారు చాలామంది. వరుస వచ్చినప్పుడు బిడ్డ ఫోటో, వైద్య రిపోర్టు పోర్టల్‌లో కనిపిస్తాయి. 48 గంటల్లో ఆ బిడ్డను రిజర్వ్ చేసుకోవాలి. తర్వాత ఏజెన్సీకి వెళ్లి చూసి ఒప్పుకుంటే బిడ్డ ముందు పోషణ కింద ఇంటికొస్తుంది. దత్తత ఉత్తర్వు ఇదివరకు కోర్టు ఇచ్చేది, 2022 సెప్టెంబర్ నుంచి కలెక్టర్ ఇస్తున్నారు. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూస్తారు.

ఇక ముస్లిం ఇంట్లో ముందే తేల్చుకోవాల్సిన విషయాలు. దరఖాస్తులో బిడ్డ వయసు రాసేటప్పుడే మహ్రమ్ సంగతి ఆలోచించాలి. రెండేళ్లలోపు బిడ్డకు పాలిచ్చి పాల బంధం కలిపితే పర్దా చిక్కు తీరుతుంది. ఆడపిల్లకు భర్త అక్కచెల్లెళ్లలో ఒకరు, మగపిల్లవాడికి భార్య అక్కచెల్లెళ్లలో ఒకరు పాలిస్తే పెంచేవారికి ఆ బిడ్డ మహ్రమ్ అవుతుంది. ఎన్నిసార్లు ఇవ్వాలన్నదానిపై మజహబుల మధ్య తేడా ఉంది కాబట్టి తమ ఆలిమ్‌ను అడగాలి, పిల్లల డాక్టర్‌నూ అడగాలి. నాలుగేళ్ల బిడ్డను కోరుకున్నవారికి ఈ దారి ఉండదు. ఇది ఉత్తర్వు చేతికొచ్చాక గుర్తుకొస్తే లాభం లేదు.

రెండోది పేరు. దత్తత తర్వాత జనన ధ్రువపత్రంలో తండ్రిగా పెంచినవారి పేరే వస్తుంది. ఖురాన్ బిడ్డలను కన్న తండ్రుల పేర్లతోనే పిలవమంటుంది కాబట్టి దీన్ని ఒప్పుకోని ఉలమా ఉన్నారు, ప్రభుత్వ కాగితం వరకే అనుకోవచ్చనేవారూ ఉన్నారు. బిడ్డకు నిజం చెప్పి పెంచడం మాత్రం ఇద్దరూ కోరేదే. 18 నిండాక తన మూలాల సమాచారం అడిగే హక్కు బిడ్డకు చట్టంలోనూ ఉంది. నిజం దాచి, నికా నాడు ఖాజీ ముందు బయటపెట్టడం కన్నా క్రూరమైన పని లేదు. పేరు మార్పు అసలు ఒప్పుకోనివారు ఫాస్టర్ కేర్ గురించి అడగవచ్చు. అందులో బిడ్డ వంశం మారదు కాబట్టి అది కఫాలాకు బాగా దగ్గర.

మూడోది ఆస్తి. 2015 చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఉత్తర్వు తేదీ నుంచి ఆ బిడ్డ అన్ని విధాలా పెంచినవారి బిడ్డే. షరియత్‌లో మాత్రం వారిస్ కాదు. ఈ రెండూ ఢీకొనేది ఇంటిపెద్ద పోయాక, అన్నదమ్ముల పిల్లలు తలుపు తట్టినప్పుడు. బతికుండగానే హిబా చేసి స్వాధీనం అప్పగించవచ్చు, లేదా మూడో వంతు వరకు వసీయత్ రాయవచ్చు. రెండూ రిజిస్టర్ చేయించడం మంచిది.

తమ్ముడి బిడ్డను నోటిమాటతో పెంచుకోవడం ముస్లిం ఇళ్లలో మామూలే. స్కూల్లో, పాస్‌పోర్ట్ ఆఫీసులో ఆ మాట చెల్లదు. బంధువుల దత్తతకూ కారా దారే ఉంది, దానికి వరుసలో నిలబడే పని లేదు. "ఫలానా నర్సింగ్ హోమ్‌లో బిడ్డ ఉంది, ఇంత ఇవ్వండి" అనేవారికి మాత్రం దూరంగా ఉండాలి. బిడ్డను కొన్నా అమ్మినా 81వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. అలా తెచ్చుకున్న బిడ్డను పోలీసులు తీసుకెళ్లి బాలల సంక్షేమ కమిటీకి అప్పగిస్తారు, అప్పటికి ఆ బిడ్డ అమ్మీ అని పిలుస్తున్నా సరే. ఎవరైనా బిడ్డను వదిలేసినట్టు కనిపిస్తే ఇంటికి తెచ్చుకోకుండా 1098కి ఫోన్ చేయాలి.