కడవ లేకుండా నీళ్లు

కాళేశ్వరంలో ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, స్నానాల మెట్ల మీద, ఒక పొద్దున ఒక అమ్మాయి ఉత్త చేతులతో నీళ్లు ముంచుతుంటే చూశాను. నాట్యంలో సర్టిఫికెట్ పరీక్షకు తయారవుతోంది. వంగింది, ముంచింది, కడవ నడుమున పెట్టుకుంది, నాలుగు మెట్లెక్కింది. ముద్రలు చక్కగా పడ్డాయి. పక్కన బట్టలు పిండుకుంటున్న ఒక పెద్దామె చేతిలో పని ఆపి చూసి, "కడవల నీళ్లున్నయా బిడ్డా, ఉత్తదేనా?" అని అడిగింది. వెక్కిరింపు కాదు, తెలుసుకోవాలనే అడిగింది. అమ్మాయి కాస్త సిగ్గుపడి మళ్లీ కిందికి దిగింది. ఈసారి నడుము ఒక పక్కకు ఒరిగింది, రెండో చెయ్యి ఎడంగా చాచుకుంది, అడుగు కురచయింది. నీళ్లు కనిపించాయి.

మూకాభినయంలో, అంటే మైమ్‌లో, పై తరగతుల చదువంతా ఆ పెద్దామె ప్రశ్నలోనే ఉంది. లేని వస్తువు ఆకారం చూపించడం మొదటి ఏడాదిలోనే పట్టుబడుతుంది. దాని బరువు చూపించడానికే ఏళ్లు కావాలి. గోడ ఉందనిపించాలంటే అరచేతిని గాలిలో ఒకచోట ఆనించాక, ఒళ్లంతా కదిలినా అది మాత్రం వెంట్రుకవాసి కదలకూడదు. తాడు లాగేటప్పుడు పని చేసేది చేతులు కాదు; మడమ, తుంటి, వెన్ను. ఫ్రాన్సులో ఎతియెన్ డెక్రూ (1898–1991) దీన్నంతా ఒక వ్యాకరణంలా కూర్చాడు. ముఖానికి ముసుగేసి మొండెంతో మాట్లాడించాలన్నది ఆయన పట్టుదల. ఆయన దగ్గర నేర్చుకున్న మార్సెల్ మార్సో తెల్లరంగు ముఖంతో, 1947లో పుట్టించిన 'బిప్' పాత్రతో ఆ విద్యను లోకమంతా తిప్పాడు. లండన్‌లోని లామ్డా నాటక సంస్థ మైమ్‌కు గ్రేడ్ల వారీగా పరీక్షలూ పెట్టింది.

మరి మన దగ్గర ఈ విద్య ఎప్పుడు మొదలైంది? చాలామంది యూనివర్సిటీ యువజనోత్సవాల నుంచి లెక్కపెడతారు. నేను ఒప్పుకోను.

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విడదీసింది. మాటను పక్కనపెట్టి ఒంటితోనే చెప్పే పనికి అక్కడే చోటు దొరికింది. నందికేశ్వరుడి 'అభినయ దర్పణం' ఇంకా లెక్కగా చెబుతుంది: ఒంటిచేతి ముద్రలు 28, తల కదలికలు 9, చూపులు 8, మెడ కదలికలు 4. నాట్య విద్యార్థి ఈనాటికీ పరీక్షకు ముందు వల్లెవేసేది ఈ జాబితాలనే. చెయ్యి ఎటు పోతే చూపు అటు పోవాలన్నది అందులోని పాఠం. మైమ్‌లో మాత్రం వస్తువును ముందు కన్ను కనిపెట్టాలి, ఆ తర్వాతే చెయ్యి కదలాలి. రెండు సంప్రదాయాలూ నేర్చుకునే పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. ఇందులో ఏది తప్పు అని కాదు. నాట్యంలో చెయ్యి కథ చెబుతుంది, మైమ్‌లో చెయ్యి వస్తువును తాకుతుంది.

ఇక కాకతీయుల కాలానికి వస్తే సంగతి చిక్కబడుతుంది. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. కాళేశ్వరం నుంచి వరంగల్ పోతూ దారి కొంచెం మళ్లితే చాలు, చూసి రావచ్చు. 2016 నుంచి 2019 దాకా అది కాళేశ్వరం ఉన్న భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు ములుగులో ఉంది. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు అందరూ నీటిలో తేలే ఇటుకల గురించే మాట్లాడుకున్నారు. నన్నడిగితే ముందు చూడాల్సినవి లోపలి స్తంభాల మీది నర్తకులు, వాద్యగాళ్లు. ఒక్కొక్క బొమ్మ ముందు నిలబడి, బరువు ఏ కాలి మీద ఉందో చూడండి. ఎత్తిన పాదం తేలిగ్గా ఉంటుంది, ఆనిన పాదం పైన తుంటి ఒక పక్కకు పొంగుతుంది. పెద్దామె అడిగిన ప్రశ్నకు శిల్పి రాతిలో జవాబు చెప్పాడు.

గుడి కట్టిన నలభై ఏళ్లకు, 1253–54 ప్రాంతంలో, గణపతిదేవుడి గజసేనాని జాయప 'నృత్తరత్నావళి' రాశాడు. ఎనిమిది అధ్యాయాల పుస్తకం; మొదటి నాలుగు మార్గ పద్ధతికి, తర్వాతి నాలుగు దేశికి. ఒక సేనాని, శాస్త్రంలో ఉన్నదాన్ని చెప్పి అక్కడే ఆగకుండా, జనం ఆడుతున్నదాన్నీ అంత శ్రద్ధగా రాసిపెట్టడం నాకెప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. పేరిణి, కోలాటం, చిందు, బహురూపం అన్నీ దేశి భాగంలో కనిపిస్తాయి. పేరిణికి అయిదు అంగాలు చెబుతారు: ఘర్ఘరం, విషమం, భావాశ్రయం, కవిచారం, గీతం. ఘర్ఘరం గజ్జెల పని, విషమం కష్టమైన అంగవిన్యాసం. భావాశ్రయం అనుకరణకు చెందింది. యోధుల తాండవం అని మనం చెప్పుకునే నృత్యంలో, ఇంకొకరి తీరును ఒంటి మీదికి తెచ్చుకునే విద్యకు ఇలా ఒక పేరు, ఒక చోటు ఉన్నాయి.

శాస్త్రం ఇది చెబుతుంటే, జనం మధ్య ఏం జరిగేదో పాల్కురికి సోమనాథుడు చూపించాడు. జనగామ జిల్లా పాలకుర్తి ఆయన ఊరు. 'పండితారాధ్య చరిత్ర'లో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనాన్ని వర్ణిస్తూ నాటకాలాడేవాళ్లను, గడల మీద ఆడేవాళ్లను, తెర చాటున బొమ్మలాడించేవాళ్లను వరసగా పేర్కొన్నాడు. కాళేశ్వరం, శ్రీశైలం, ద్రాక్షారామం కలిసి త్రిలింగ దేశం అంటాం కదా. ఆ మూడింటిలో ఒక క్షేత్రంలోని శివరాత్రిని సోమనాథుడు అలా కళ్లకు కట్టాడు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. పేరిణిని పోషించిన కొలువు పోయింది. జాయప పుస్తకం తాళపత్రాల్లో మిగిలి, 1965లో వి. రాఘవన్ పరిష్కరణతో అచ్చుకెక్కింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దాన్ని తెలుగు చేశారు. ఈ రెంటి మధ్య గడిచిన ఆరు వందల ఏళ్లలో ఆంగికం చచ్చిపోలేదు. పగటివేషగాడి ఒంట్లో, చిందువాళ్ల ఒంట్లో, ఒగ్గు కథకుడి ఒంట్లో బతికింది. ఇవి మాటల కళలే, వీటిని మూకాభినయం అనడం పొరపాటు. అయినా ఒగ్గు కథకుడు భుజం మీది కండువా నెత్తిన కప్పుకోగానే గొంతు మారకముందే మెడ మారుతుంది, ఆడమనిషి వచ్చి నిలబడుతుంది. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య 2017లో పోయేదాకా ఆ కథకు ఊరూరా గౌరవం తెచ్చారు. అదే జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. చిందువాళ్లు ముఖానికి అర్దళం అనే పసుపు రంగు పూసుకుంటారు. మైమ్ వేసే మన పిల్లలు మార్సోను చూసి తెల్లరంగు పూసుకుంటున్నప్పుడల్లా, ఆ పసుపుపచ్చ ముఖాన్ని ఒక్కరైనా ఎందుకు ప్రయత్నించరా అని నాకు మనసులో పీకుతుంది. దూరానికి కనుబొమ కనిపించడానికే రంగయితే, అర్దళం ఆ పని ఎప్పటి నుంచో చేస్తోంది.

కూచిపూడి వైపు చూసినా ఇదే. భామాకలాపంలో సత్యభామ కృష్ణుడికి ఉత్తరం రాస్తుంది. కాగితం లేదు, కలం లేదు. పాట నడుస్తూనే ఉంటుంది, కానీ అలక, ఆశ కలిసి వేళ్ల చివరికి ఎలా చేరాయన్నది చూసేవాళ్లకు తెలిసేది ఆ గాలిరాతలోనే.

మార్సో 1923 మార్చిలో పుట్టాడు. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పుట్టిందీ ఆ ఏడు, ఆ నెలలోనే, బాలి ద్వీపంలో. ఒకాయన యుద్ధంలో తండ్రిని ఆష్‌విట్జ్‌లో పోగొట్టుకుని మాట లేని కళను ఎత్తుకున్నాడు. ఇంకొకాయన పడిపోయిన సామ్రాజ్యపు నృత్యాన్ని వెతుక్కుంటూ రామప్ప గుడికి వచ్చారు. రామకృష్ణ చేసిన పని చిన్నది కాదు. పుస్తకంలో పేరుంది, రాతిలో భంగిమ ఉంది, ఈ రెండింటి మధ్య కదలిక లేదు. ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు ఒళ్లు ఏ దారిన వెళ్లిందో ఏ శిల్పమూ చెప్పదు. ఆ దారిని ఆయన తన ఒంటితో, శిష్యుల ఒళ్లతో వేసుకున్నారు. గుడి నర్తకీమణుల నుంచి అభినయాన్నీ సేకరించారు. పిఠాపురంలో పెండేల సత్యభామ దగ్గర నవజనార్దనం అనే ఆలయ నృత్యరూపకం నేర్చుకున్నారు. 1985 మహాశివరాత్రికి రామప్ప గుడి ముందు పేరిణి ఆడించారు. 1992లో పద్మశ్రీ వచ్చింది, 2011లో కన్నుమూశారు.

అదే కాలంలో పడమటి మైమ్ బెంగాల్ మీదుగా మనదాకా వచ్చింది. జోగేశ్ దత్తా, నిరంజన్ గోస్వామి కలకత్తాలో దానికి బడులు పెట్టారు. 1987లో మన సింగీతం శ్రీనివాసరావు 'పుష్పక విమానం' అని ఒక్క సంభాషణా లేని సినిమా తీస్తే జనం ఎగబడి చూశారు. భారత విశ్వవిద్యాలయాల సంఘం యువజనోత్సవాల్లో మైమ్‌ను పోటీగా పెట్టింది: ఆరుగురికి మించకూడదు, అయిదు నిమిషాలకు మించకూడదు. ఆ అయిదు నిమిషాలు ఎందరో కాలేజీ పిల్లలకు మొదటి వేదిక అయ్యాయి. దానివల్లే కట్నం, రోడ్డు ప్రమాదం, రైతు ఉరితాడు లాంటి ఇతివృత్తాలు పదే పదే వచ్చి, బరువు నేర్చుకునే వ్యవధి లేకుండానూ పోయింది.

పరీక్షల మాటకొస్తే, ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో సర్టిఫికెట్‌కు నాలుగేళ్లు, డిప్లొమాకు రెండేళ్లు. వరంగల్‌లో విద్యారణ్య కళాశాల ఉంది. తెలంగాణ వచ్చాక పేరిణి కూడా ఈ చదువులోకి చేరింది. ఆరు వందల ఏళ్లు కొలువు లేని నృత్యానికి హాల్ టికెట్ రావడం చిన్న విషయం కాదు, నాకు సంతోషమే. ముద్రలకు మార్కులు వేయవచ్చు, తాళానికి వేయవచ్చు, శ్లోకానికి వేయవచ్చు. స్తంభం, స్వేదం, రోమాంచం అంటూ సాత్త్విక భావాలు ఎనిమిదిని ఒప్పచెప్పినందుకూ వేయవచ్చు. లేని కడవలో నీళ్లున్నాయా లేవా అన్నదానికి మాత్రం, పరీక్షకుడు కూడా ఎప్పుడో కడవ మోసి ఉంటేనే సరైన మార్కు పడుతుంది.

ఆ పొద్దున అమ్మాయి మూడోసారి మెట్లెక్కి వచ్చి, పెద్దామె పక్కనే కూర్చుని, "ఎట్ల దించాలె అమ్మమ్మా?" అని అడిగింది. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. తాను మోసే తీరున, లేని కడవను నెత్తి మీది నుంచి రెండు చేతులతో పట్టింది, మోకాళ్లు కొద్దిగా వంచింది, ముందు ఒక అంచు నేలకు తాకించి ఆ తర్వాత మొత్తం ఆనించింది. అప్పుడు "హమ్మ" అని ఊపిరి వదిలింది. కడవ దించాక కూడా మెడ కాసేపు అలాగే నిటారుగా ఉంది, బరువు పోయిందని దానికింకా తెలియనట్టు. అమ్మాయి ఆ మెడనే చూస్తూ కూర్చుంది.